అద్దకం షెడ్డు అక్క

సంతాప సభలో మైకు పట్టుకున్న ప్రతివాళ్లూ ఆమెను శాంతమూర్తి అన్నారు. ఒకాయన ఓర్పుకు మారుపేరు అన్నాడు. ఆమె బాలింతల కోసం నిలబెట్టిన ఇంటి కమిటీకి అధ్యక్షుడు, బజారులో పెద్ద బట్టల దుకాణం ఉన్న పెద్దమనిషి, ఇంకో అడుగు ముందుకేసి, ఆ తల్లి ఏనాడూ గొంతు పెంచి మాట్లాడి ఎరగదని సెలవిచ్చాడు. నేను వెనక వరుసలో ప్లాస్టిక్ కుర్చీలో కూచుని ఉన్నాను. పక్కన కూచున్న ఆటో డ్రైవరు, ఆమెతో కలిసి మట్టి మోసినవాడు, నా వైపు వంగి, "ఎవల గురించి మాట్లాడుతాన్రు వీళ్లు" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. ఒళ్లు మండింది. చనిపోయిన మనిషి నోరు మూయడం ఇంత సులువా అనిపించింది. నాకు తెలిసిన ఆమె ఉన్నన్నాళ్లూ కోపంగానే ఉంది. ఆ కోపం లేకపోతే ఆ ఇల్లే లేదు. ఇప్పుడు ఆ కోపాన్ని కడిగి తుడిచేసి, మిగిలిన బొమ్మకు దండ వేస్తున్నారు. అందుకని రాస్తున్నాను. పేరు రాయను. ఫ్లెక్సీ మీద కావలసినంత పెద్ద అక్షరాలతో వేశారు, చాలు. మేమందరం అక్క అనేవాళ్లం.

అక్క బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైంది. ములుగు రోడ్డు మీద, అడవి ఊళ్ల దాకా పోయే బస్సుల్లో, మేడారం జాతర స్పెషళ్లలో ఆమె ఉద్యోగమంతా నిలబడే గడిచింది. ఆ తర్వాత కూడా కూచోవడం ఆమెకు చేతకాలేదు. కదలని నేల మీద సైతం కాళ్లు రెండూ ఎడంగా పెట్టి, నడుము ఏ తలుపుకో ఆనించి, ఎవరో ఇప్పుడే బ్రేకు వేయబోతున్నట్టు నిలబడేది. మాట మొదలుపెట్టే ముందు వేలి కణుపుతో దగ్గర ఏది ఉంటే దాని మీద టకటకా కొట్టేది. కిటికీ రెక్క, నీళ్ల డ్రమ్ము, ఒక్కోసారి మన భుజం. మనుషుల పేర్లు ఆమెకు పట్టేవి కావు. బస్సులో ఎవరిని చూసినా దిగే ఊరితోనే గుర్తుపెట్టుకున్న అలవాటు. ఇల్లు బాగుచేయడానికి మడికొండ నుంచి వచ్చే ఎలక్ట్రీషియన్ ఆమెకు మడికొండ. హసన్‌పర్తి కాలేజీ నుంచి ఆదివారాలు వచ్చే పిల్లలంతా కలిపి ఒకే హసన్‌పర్తి. నేను ఆ ఇల్లు ఉన్న వాడలోనే ఉండేదాన్ని కాబట్టి ఊరి పేరు పనిచేయలేదు. మధ్యాహ్నం కుట్టుమిషను ఆపి హన్మకొండ గ్రంథాలయానికి పోతానని తెలుసుకుని నాకు లైబ్రరీ అని పేరు పెట్టింది.

"ఓ లైబ్రరీ, ఏం సదివినవే ఇయ్యాల?"

నేను చెప్పేదాన్ని. పదో తరగతితో బడి ఆగిపోయినదాన్ని, మిగతా చదువంతా ఆ గ్రంథాలయం బల్లల దగ్గర నాకు నేనే సంపాదించుకున్నాను. చదివింది ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు తోచదు. అక్క మొత్తం వినేది కాదు. సగంలో కణుపుతో కొట్టి, "ఆపు. గిండ్ల ఎవలికన్న పనికొచ్చేది ఉంటే గది జెప్పు" అనేది. అన్నీ పనికొస్తాయని నేను వాదించేదాన్ని. వాదించేవాళ్లంటే ఆమెకు ఇష్టం. ఊరికే తల ఊపేవాళ్లను చూస్తే గిట్టేది కాదు.

ఆమె గొంతు పెంచలేదని అన్న పెద్దమనిషి, పాపం, తనకు తెలియకుండా ఒక నిజాన్ని తాకి వచ్చాడు. అక్క పొద్దంతా అరిచేది. చాయ్ చల్లారితే అరిచేది, తట్ట సగమే నింపితే అరిచేది, బాగా పనిచేసినవాళ్లను మెచ్చుకోవడం కూడా అరుస్తూనే. అది కోపం కాదు, నిండిన బస్సులో వెనక సీటు దాకా వినపడాలని పెంచుకున్న గొంతు. నిజంగా కోపం వచ్చినప్పుడు ఆ గొంతు పడిపోయేది. ఏందిరా, ఏమే అన్న పిలుపులు పోయి గారు వచ్చేది. అక్క ఎవరినైనా గారు అన్నదంటే మేం చేతిలో ఉన్నది కింద పెట్టి పక్కకు జరిగేవాళ్లం.

ఆ ఇల్లు ఎందుకు మొదలుపెట్టావని నేను ఒకసారి అడిగాను. కిటికీ దగ్గరికి పోయి నిలబడింది. తర్వాత చెప్పింది. ఒక రోజు పొద్దున బస్సులో ఒక పిల్ల చంటిబిడ్డతో ఎక్కి చివరి స్టేజీకి టికెట్ తీసుకుంది. చివరి స్టేజీ వచ్చాక దిగలేదు. మళ్లీ వరంగల్‌కు టికెట్ అడిగింది. వరంగల్ వచ్చాకా దిగలేదు.

"యాడికి పోవాలె బిడ్డా అని అడిగిన. ఏడికన్న అన్నది. నేను టికెట్ కొట్టిన. గంతే. ఇంకేం జెయ్యాల్నో నాకు తెల్వలే."

ఆ పిల్ల తర్వాత ఎక్కడో దిగిపోయింది. ఎక్కడ దిగిందో అక్క నాకు చెప్పలేదు. "పెండ్లైందా, మొగుడేడి, ఏ ఊరు, ఎవలోల్లు అని బస్సుల అందరు అడిగిండ్రు. తిన్నవా అని ఒక్కలు అడుగలే" అని మాత్రం అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె కణుపు కిటికీ రెక్క మీద ఆగకుండా కొడుతూనే ఉంది.

మాకు దొరికిన భవనం మూతపడిన నేత సంఘంవాళ్ల అద్దకం షెడ్డు. ఒకప్పుడు అక్కడ జంపఖానాల నూలుకు రంగులు వేసేవాళ్లు. సంఘం పోయాక తలుపులు పోయాయి, పెంకులు జారాయి, రంగు తొట్లలో తుమ్మ మొక్కలు మొలిచాయి. పాత సభ్యుల్లో బతికి ఉన్నవాళ్లు వాడుకోండి అన్నారు. బజారు పెద్దలు కమిటీ పెట్టి సిమెంటు, పెంకులు, వైర్లు ఇస్తామన్నారు. చేతులు మావి. మగ్గాల ఇళ్లలోని ఆడవాళ్లం, ఆటో డ్రైవరు, మడికొండ, హసన్‌పర్తి. ఇల్లు లేని బాలింతలు కొన్నాళ్లు బిడ్డతో ఉండడానికి ఒక చోటు. అనుకున్నది అంతే.

గోడలకు సున్నం వేశాం. మర్నాటికి తెల్లటి గోడ లేత గులాబీ రంగుకు తిరిగింది. ఏళ్ల తరబడి తడి నూలు విదిలించిన గోడలవి, రంగు లోపలి దాకా తాగి ఉన్నాయి. ఇంకో పూత వేయమంది అక్క. వేశాం. ఒక మూల నీలం తేలింది. రంగు పట్టిన గారను గీకి తీయకపోతే ఎన్ని పూతలు వేసినా పైకి ఉబుకుతూనే ఉంటుందని నేను అంతకుముందే చదివి ఉన్నాను. చెప్పాను.

"మీ పుస్తకం రాసినాయన వచ్చి గీకుతడా?"

మళ్లీ పూత వేయించింది. మళ్లీ గులాబీ. ఆ పొద్దు ఆమె గోడను తిట్టిన తిట్లు వింటే శాంతమూర్తి అన్నవాళ్లు చెవులు మూసుకునేవాళ్లు. చివరికి నా ముందు ఇనుప రేకు ఒకటి పడేసి, "పో, నీ పుస్తకం గెల్సింది. గెల్సినోల్లే గీకాలె" అంది. గీకాను. తను కూడా నా పక్కన నిలబడి, తల మీద గులాబీ దుమ్ము పడుతుంటే తుమ్ముతూ, తిడుతూ, చీకటి పడే దాకా గీకింది. తను తప్పని మాటతో ఒప్పుకోవడం ఆమెకు రాదు.

గోడలు తెల్లబడ్డాక కాలేజీ పిల్లలు ముచ్చటపడి ముందు గదిలో ఒక బొమ్మ వేశారు. తల్లీ బిడ్డా. తల్లికి పట్టుచీర, నుదుట ఇంత బొట్టు, మెడలో మంగళసూత్రం, కాళ్లకు మెట్టెలు. బాగా వేశారు, ఆ మాట చెప్పాలి. దాని ముందు నిలబడి ఫోటోలు దిగుతుండగా అక్క వచ్చింది. చాలాసేపు చూసింది.

"ఎవలేసిండ్రు గారూ ఇది?"

మేం పక్కకు జరిగాం. ఆ పిల్లలకు తెలియదు. బొమ్మ వేసిన అమ్మాయి సంతోషంగా ముందుకొచ్చింది.

"నేనే ఆంటీ."

"మంచిగున్నది. ఇక్కడికి వచ్చే పిల్లలల్ల ఎంతమంది మెడల గీ తాడు ఉంటదమ్మా గారూ?"

ఆ అమ్మాయి బొమ్మ వైపు తిరిగి చూసింది.

"పొద్దున లేస్తే గీమెను సూసుకుంట ఉండాలె వాళ్లు. మాకు లేదు, మాకు లేదు అనుకుంట. బయట లోకం అనేది సాలదని లోపట గోడతోని గూడ అనిపిస్తానం మనం."

బ్రష్షు తనే తీసుకుని సున్నంలో ముంచింది. బొమ్మ మెడ దగ్గరే మొదలుపెట్టింది. ఆ అమ్మాయి ఏడ్చింది. మర్నాడు మళ్లీ పనికి వచ్చింది కూడా, కానీ తక్కినవాళ్లు చాలామంది రాలేదు. ఇంత మొరటుగా చేయాలా అని అప్పుడు కొందరు గొణిగారు. చేయాలి. మెత్తగా చెప్పి ఉంటే ఆ బొమ్మ ఈరోజుకూ అక్కడే ఉండేది.

ఇక ఇల్లు తెరిచిన రోజు సంగతి. సభలో ఈ రోజును గురించే ఎక్కువ మాట్లాడారు, అందరూ కలిసి చేసిన పండుగలాగా.

కమిటీవాళ్లు గృహప్రవేశం పెట్టారు. షామియానా వేశారు, మామిడాకులు కట్టారు, గడపకు పసుపు రాశారు. వంటవాళ్లు గంగాళాలు దించారు. పరుపుల వ్యాను గేటు పక్కన ఆగి ఉంది, ముహూర్తం అయ్యాక దించుదామని. అదే పొద్దున దవాఖానలో మౌనిక అనే అమ్మాయిని ఇంటికి పొమ్మన్నారు. పెళ్లి కాలేదు. చేతిలో మగపిల్లవాడు. ఇల్లు ఉంది గానీ ఆమెకు ఒక్కదానికే ఉంది. పిల్లవాణ్ణి సర్కారువాళ్లకు అప్పజెప్పి వస్తే తీసుకుపోతానని అన్న కబురు పెట్టాడు. పెట్టి ఊరుకోలేదు, బండి వేసుకుని వచ్చాడు. మా గేటుకు ఎదురుగా, టైర్ల దుకాణం ముందు బైకు మీద కూచుని ఉన్నాడు. చెల్లెలికి ఇక్కడ చోటు దొరక్కపోతే ఆమెను ఎక్కించుకుని పోవడమే ఆయన పని. పిల్లవాడు మాత్రం ఆ బైకు ఎక్కడు.

అక్క ఆటోలో పోయి మౌనికను తీసుకొచ్చింది. గేటు దగ్గర హారతి పళ్లెం పట్టుకున్న ఒక పెద్దావిడ అడ్డం వచ్చింది.

"ఆగుండ్రి, ఆగుండ్రి. బాలింతనా?"

"ఔ" అంది అక్క.

"పురుడు ఎల్లిందా?"

"పురుడెల్లుడేంది, ఇంక పోరనికి బొడ్డే ఊడలే."

పెద్దావిడ పళ్లెం వెనక్కి లాక్కుంది. అధ్యక్షుడు నవ్వుతూ వచ్చాడు. ఆయన మాటలో విసురు లేదు. చాలా ప్రేమగా మాట్లాడాడు. నాకు అదే ఎక్కువ మండింది.

"అక్కా, నువ్వు తెల్వనిదానివా? గృహప్రవేశం అయితాంది. పురిటి మైలతోని గడప దొక్కితే ఎట్ల? పురుడు ఎల్లినంక మంచి దినం సూసి మనమే తీస్కొద్దాం. చీర గూడ పెడదాం."

"అప్పటిదాంక?"

"ఎవలో ఒకలు సూస్కుంటరు తియ్యి. జర వాళ్లోల్లను అడుగు."

గోడలు గీకినవాళ్లూ, మట్టి మోసినవాళ్లూ అక్కడే ఉన్నారు. మడికొండ తల గోక్కుంటూ, "శుభమా అని మొదలువెడ్తానం గదక్కా" అన్నాడు. నేను ముందుకు వచ్చాను. ఇది బాలింతల కోసమే బాగుచేసిన ఇల్లు, బాలింత వస్తే మైల అనుకుంటే ఈ ఇంటికి ఏడాది పొడుగునా మైలే, ఇంక దీని తలుపు ఎవరికోసం తీస్తారు అన్నాను. "లైబ్రరీ షురూ చేసింది" అని ఎవరో అన్నారు. కొందరు నవ్వారు. పురుడు అనేది తల్లికి విశ్రాంతి ఇవ్వడానికి పెద్దలు పెట్టిన ఆచారమని చాలాచోట్ల చదివాను. ఆ తల్లిని ఎండలో, ఆటోలో, గేటు బయట కూచోబెట్టడం ఏ రకం విశ్రాంతో ఎవరూ రాయలేదు. పంతులు గారు మాత్రం కలశానికి దారం చుడుతూ, "ముందు ఆ పిల్లను నీడకు కూసోవెట్టుండ్రి. ముహూర్తానికి ఇంక టైమున్నది" అన్నాడు. ఆ పైన ఇంకొక్క మాట అనలేదు.

ఆటోలో మౌనిక బిడ్డ ముఖం మీద కొంగు కప్పి, రోడ్డుకు అవతల ఉన్న అన్నను చూస్తూ ఉంది. దిగి అటే నడిచేట్టు ఉంది.

అక్క ఆటో రేకు మీద కణుపుతో కొట్టింది.

"అధ్యక్షుడు గారూ."

అంతసేపూ నవ్వినవాళ్లు ఆగిపోయారు.

"ముహూర్తం కాలేదు గద సార్?"

"కాలే."

"పూజ మొదలుగాలే?"

"ఇంక లే."

"మొదలేగాని పూజకు మైల ఎట్ల అంటుకుంటది సార్? మీరు వచ్చేటాల్లకు రండి. మేం ముందుగాల పోతానం."

ఆటోలోకి వంగి బిడ్డను ఒక చేత్తో ఎత్తుకుంది, రెండో చెయ్యి మౌనికకు ఇచ్చింది. హారతి పళ్లెం పక్క నుంచి, కలశం పక్క నుంచి, పసుపు గడప మీదుగా నడిపించుకుని పోయింది. పెద్దావిడ కొంగు దగ్గరికి లాక్కుంది. గడప దగ్గర మౌనిక కాళ్లు ఆగాయి. లోపలికి చూసింది, వెనక నిలబడ్డ ఇంతమందిని చూసింది. అక్క అంతమందికీ వీపు పెట్టి నిలబడింది, ఆ పిల్లకు ఎవరూ కనపడకుండా. అప్పుడు మౌనిక లోపలికి అడుగు పెట్టింది.

అది ఆ ఇంటి గృహప్రవేశం. తర్వాత జరిగింది ఏదీ పండుగ కాదు. శుద్ధి చేయకుండా పూజ జరగదని అధ్యక్షుడు అన్నాడు. "జెయ్యకుండ్రి గారూ" అని లోపలి నుంచి జవాబు వచ్చింది. షామియానా విప్పేశారు. వండిన అన్నం గంగాళాలతో సహా తిరిగి ఎక్కించారు. పరుపుల వ్యాను వచ్చిన దారినే పోయింది. మాతో కలిసి చెమట పోసినవాళ్లు కొందరు చెప్పులు వేసుకుని మా కళ్లలోకి చూడకుండా వెళ్లారు. ఇన్నాళ్లూ వాళ్లు బాగుచేసింది గోడలనే అని నాకు అప్పుడు అర్థమైంది. కొంతకాలానికి ఇల్లు నిలదొక్కుకుంది, పేపర్లో ఫోటో పడింది. ఫోటో పడగానే కమిటీ తిరిగి వచ్చింది. ఆ కమిటీయే మొన్న మైకు ముందు నిలబడి ఆమె ఓర్పును పొగిడింది. ఆమె తమను ఓర్చుకున్నదని వాళ్ల నమ్మకం కావచ్చు. ఓర్చుకోలేదు. ఇంటికి పరుపులు కావాలి కాబట్టి చివరి దాకా వాళ్లను గారు అని పిలుస్తూ వచ్చింది. వాళ్లు అది మర్యాద అనుకున్నారు.

ఆ మధ్యాహ్నానికి ఇంట్లో మిగిలింది మౌనిక, పిల్లవాడు, అక్క, నేను, ఆటో డ్రైవరు. సంఘం నాటి పాత జంపఖానా ఒకటి దులిపి పరిచాం. గుంపు పోయిందని చూసుకుని అన్న రోడ్డు దాటి వచ్చాడు. గేటు బయటే నిలబడ్డాడు. చెడ్డవాడిలా లేడు. అలిసిపోయినవాడిలా ఉన్నాడు.

"మౌనికా, సూసినవ్ గద. ఇక్కడ గూడ ఎవలు రానియ్యరు నిన్ను. నడువు, అమ్మ సూస్తాంది. వాన్ని ఇచ్చుడు గురించి నేను మాట్లాడిన."

అక్క నోరు తెరిచింది. ఆమె కంటే ముందు మౌనిక మాట్లాడింది. పొద్దుటి నుంచి ఆమె గొంతు వినడం మాకు అదే మొదలు.

"అన్నా, బైకు తెచ్చినవా?"

"తెచ్చిన. నడువు."

"అయితే పోయి అన్నం పట్కరా. పొద్దుగాల్నుంచి ఒక్క చాయ్ మీదనే ఉన్న."

ఆయన రోడ్డు దాటి, బైకు తీసుకుని వెళ్లాడు. తిరిగి రాడనుకున్నాం. వచ్చాడు. అన్నం పార్సిలు సంచి గేటు కమ్మీకి తగిలించాడు. లోపలికి అడుగు పెట్టలేదు, పిల్లవాడి వైపు చూడలేదు.

"ఇగ నేను మల్ల రాను" అన్నాడు.

"మంచిది అన్నా" అంది మౌనిక.

బైకు చప్పుడు పోయింది. అక్క గేటు దగ్గరికి పోయి సంచి తీసింది.

"గేటుకు తగిలిచ్చి పోతడా? కుక్కకేసినట్టు? సొంత చెల్లెకు?"

సంచిని రోడ్డు మీదికి విసరడానికి చెయ్యి పైకెత్తింది. నేను ఆపలేదు. ఆ క్షణాన నాకూ విసరాలనే ఉంది.

"పారెయ్యకక్కా" అంది మౌనిక జంపఖానా మీద నుంచి. "కోపం నీది. ఆకలి నాది."

అక్క చెయ్యి కాసేపు గాలిలోనే ఉంది. తర్వాత లోపలికి వచ్చి, సంచి విప్పి, ఆకు పరిచి, అన్నం పెట్టి, పప్పు పొట్లం ముడి రాకపోతే పళ్లతో కొరికి విప్పి పోసింది. పిల్లవాణ్ణి తను తీసుకుంది. మౌనిక తిన్నది. తల ఎత్తకుండా, ఎవరికోసమూ ఆగకుండా, ఆకు శుభ్రమయ్యే దాకా తిన్నది. తిన్నాక చెయ్యి కడుక్కుని, అక్క చేతుల్లోంచి పిల్లవాణ్ణి తీసుకుని, గోడవైపు తిరిగి పాలివ్వడం మొదలుపెట్టింది.